చెప్పిన చదువు, చేసి చూసిన చదువు: రెండు రైతు శిక్షణ పద్ధతుల తులన

వృత్తి శిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేది సమావేశ మందిరం, తెర మీద స్లైడ్లు, సంతకాల రిజిస్టరు, చివర్లో ఒక సర్టిఫికెట్. కానీ పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకు గత యాభై ఏళ్లలో కొన్ని గట్టి జవాబులు వరి మళ్లలో, పత్తి చేలలో దొరికాయి. రైతు సొంత డబ్బు పెట్టి సాగు చేస్తాడు. నేర్చుకున్నది పనికిరాకపోతే నష్టం ఇంటిల్లిపాదిదీ. అందుకే నమ్మకం కుదరని మాటను ఎంత పెద్ద అధికారి చెప్పినా రైతు విని ఊరుకుంటాడు. పెద్దలకు నేర్పే ఏ పద్ధతికైనా ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు.

ఆ పరీక్షను ఎదుర్కొన్న రెండు పద్ధతులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మొదటిది 1970లలో ప్రపంచ బ్యాంకు అండతో దేశదేశాలకు పాకిన ‘శిక్షణ–సందర్శన’. వ్యవసాయ శాఖ వాడుకలో ‘టీ అండ్ వీ’. రెండోది 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలై మన దగ్గర ‘పొలంబడి’గా స్థిరపడిన పద్ధతి. రెండూ రైతు మేలు కోరినవే. రెండింటి వెనకా తెలివైన, నిజాయితీ గల మనుషులు పనిచేశారు. అయినా నేర్చుకునే మనిషి గురించి ఈ రెండింటి నమ్మకాలు వేరు. ఆ తేడాయే చివరికి ఫలితాలను శాసించిందని నా వాదన.

పుట్టుక

శిక్షణ–సందర్శన రూపకర్త ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ బెనోర్. టర్కీలో మొదలైన ఈ పద్ధతి మన దేశంలోకి రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని చంబల్ ఆయకట్టు ద్వారా వచ్చింది. 1977లో బెనోర్, జేమ్స్ హారిసన్ కలిసి దాని నియమాలను ఒక చిన్న పుస్తకంగా ప్రకటించారు. రైతుకు సలహాలు చేర్చే అప్పటి వ్యవసాయ విస్తరణ యంత్రాంగం అస్తవ్యస్తంగా ఉండేది. గ్రామ స్థాయి ఉద్యోగి చేతిలో లేని పని లేదు. ఎరువుల పంపిణీ, అప్పుల వసూలు, లెక్కలు, సర్వేలు అన్నీ అతని మీదే. పొలానికి ఎప్పుడొస్తాడో రైతుకు తెలిసేది కాదు. బెనోర్ దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. గ్రామ ఉద్యోగికి విస్తరణ తప్ప మరో పని ఉండకూడదు. అతని పరిధిలోని రైతులను 8 బృందాలుగా విభజించాలి. ప్రతి బృందం దగ్గరికీ 15 రోజులకోసారి, ముందే చెప్పిన వారంలో, ముందే చెప్పిన రోజున వెళ్లాలి. పక్షానికోసారి విషయ నిపుణులు అతనికి పాఠం చెప్పాలి. అతను ఆ పాఠాన్ని ప్రతి బృందంలోని కొద్దిమంది ‘సంప్రదింపు రైతుల’కు చెప్పాలి. వాళ్ల నుంచి అది మిగతా ఊరికి చేరాలి.

పొలంబడి పుట్టుక వేరు. 1970లలో, మళ్లీ 1985–86లో ఇండోనేషియా వరిని సుడిదోమ ఊడ్చేసింది. ప్రభుత్వమే రాయితీ మీద ఇచ్చిన పురుగుమందులు దోమను తినే సాలీళ్లను, ఇతర మిత్ర పురుగులను చంపి, దోమ ఉధృతిని పెంచాయని పరిశోధనలు తేల్చాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పీటర్ కెన్మోర్ చేసిన పని అందులో ముఖ్యం. 1986లో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించాడు. మందులైతే ఆగాయి కానీ, వాటి బదులు రైతు చేతిలో ఏం పెట్టాలన్నది అసలు ప్రశ్నయింది. ‘ఇది చల్లండి’ అని చెప్పడానికి డబ్బా ఏదీ లేదు. ఏ పొలంలో ఏ వారం ఏం జరుగుతోందో రైతే చూసి తెలుసుకోవాలి. ఆ అవసరం నుంచి పొలంబడి వచ్చింది. పాతిక మంది రైతులు, ఒక పంటకాలం, వారానికో పూట, పొలమే తరగతి గది.

ఒకటి పాలనా లోపాన్ని సరిదిద్దడానికి, మరొకటి జ్ఞాన లోపాన్ని సరిదిద్దడానికి పుట్టాయి. అందుకే మొదటిదాని బలమంతా క్రమంలో, రెండోదాని బలమంతా బోధనలో కనిపిస్తుంది.

రైతు మీద ఉన్న అంచనా

శిక్షణ–సందర్శన దృష్టిలో జ్ఞానం పరిశోధనా కేంద్రంలో తయారవుతుంది. మధ్యలో కారిపోకుండా దాన్ని రైతుకు చేర్చడమే సమస్య. ఈ చూపులో రైతు అనుభవానికి స్థానం తక్కువ. నిపుణుడు నేర్పిన పాఠం గ్రామ ఉద్యోగి నోట కొంత, సంప్రదింపు రైతు నోట ఇంకొంత అరిగిపోయి, చివరి రైతును చేరేసరికి ‘ఎకరాకు ఇంత, ఫలానా రోజున’ అన్న ఒక్క ముక్కగా మిగిలేది. ఎందుకన్న ప్రశ్నకు జవాబు దారిలోనే రాలిపోయేది. సంప్రదింపు రైతులుగా ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో కాస్త భూమీ పలుకుబడీ ఉన్నవాళ్లు కావడం మరో లోటు. పది ఎకరాల నీటివసతి ఉన్న ఆసామికి పనికొచ్చిన మాట రెండెకరాల మెట్ట రైతుకు పనికిరాకపోవచ్చు. కౌలు రైతు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాడు. చిలీ భూసంస్కరణల కాలంలో అక్కడి వ్యవసాయ నిపుణుల మధ్య పనిచేస్తూ, 1969లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. నిపుణుడు తన జ్ఞానాన్ని రైతులోకి ఒంపాలని చూస్తే రైతు ఒక వస్తువవుతాడని, ఇద్దరూ కలిసి ఒకే సమస్యను పరిశీలించినప్పుడే చదువు పుడుతుందని అతని వాదన. అమెరికాలో మాల్కం నోల్స్ 1970 నాటికి ఇదే దిశలో వయోజన విద్యకు ఒక చట్రం కట్టాడు. పెద్దవాళ్లు తమ అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారు, తమకు ఎదురైన సమస్య చుట్టూ నేర్చుకుంటారు, ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే మనసు పెడతారు అన్నాడు.

పొలంబడి ఈ మాటలను ఆచరణలో పెట్టింది. అక్కడ రైతు మొదటి వారం నుంచే పరిశీలకుడు. పొద్దున్నే నలుగురైదుగురు ఒక జట్టుగా మడిలోకి దిగుతారు. కొన్ని దుబ్బులు ఎంచుకుని పిలకలు లెక్కపెడతారు, ఆకుల రంగు చూస్తారు, పురుగులను ఏరి సంచిలో వేస్తారు. గట్టు మీదికొచ్చి పెద్ద కాగితం మీద మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క శత్రు పురుగులు, మరో పక్క మిత్ర పురుగులు, పైన ఎండో మబ్బో, కింద నీటి మట్టం గీస్తారు. ఆ బొమ్మ పెట్టుకుని ఈ వారం ఏం చేయాలో వాదించుకుంటారు. చదువు రాని రైతు కూడా ఈ తరగతిలో వెనకబడడు. బొమ్మకు అక్షరాలు అక్కర్లేదు, చూపు చాలు.

నేర్పేవాడి పని

టీ అండ్ వీలో గ్రామ ఉద్యోగి విలువ అతను మోసుకొచ్చే జవాబులో ఉంది. రైతు ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని ‘ఇదేంటి సార్?’ అంటే పేరు, మందు, మోతాదు చెప్పాలి. తెలియకపోతే పై నిపుణుణ్ని అడిగి వచ్చే పక్షం చెప్పాలి. పొలంబడిలో శిక్షకుడికి అదే ప్రశ్న ఎదురైతే తిరిగి ప్రశ్నలే వేస్తాడు. ‘ఎక్కడ కనబడిందండీ? ఆకు మీదా, మొదట్లోనా? ఏం తింటోంది? పక్క దుబ్బులో ఉందా?’ కొత్తగా వచ్చిన రైతుకు ఇది చిరాకు పుట్టిస్తుంది. జవాబు తెలిసి కూడా దాచుకుంటున్నాడని అనిపిస్తుంది. రెండు మూడు వారాల తర్వాత అదే రైతు ఆ ప్రశ్నలను తనకు తానే వేసుకోవడం మొదలుపెడతాడు. శిక్షకుడు సాధించాల్సింది అదే.

చేసి చూసే ప్రయోగాలు ఈ పద్ధతికి వెన్నెముక. వరి దుబ్బు మీద వల కప్పి, లోపల దోమలతో పాటు ఒక సాలీణ్ని వదులుతారు. మరో వలలో దోమలను మాత్రమే ఉంచుతారు. కొద్ది రోజుల్లో ఏ వలలో ఎన్ని దోమలు మిగిలాయో రైతు కళ్లారా చూస్తాడు. ఇంకొక మడిలో లేత పైరు ఆకులను కావాలనే కొంత మేర కత్తిరిస్తారు. ఆకు తినే పురుగు చేసే నష్టానికి అది నమూనా. కోత నాటికి ఆ మడి దిగుబడిని మిగతా మడి దిగుబడితో పోల్చుతారు. తొలి దశలో ఆకు పోయినా పైరు చాలావరకు కోలుకుంటుందన్న సంగతి అప్పుడు అర్థమవుతుంది. ఆకు మీద చిల్లు కనబడగానే మందు డబ్బా కోసం పరుగెత్తే భయం ఈ ఒక్క అనుభవంతో తగ్గుతుంది. ఇదే సంగతి ఉపన్యాసంలో వింటే తలూపి ఇంటికెళ్తాం. మర్నాడు మందు కొడతాం. ఏళ్ల తరబడి భయం మీద నిలిచిన అలవాటు మాట వింటే పోదు. ఆ భయం నిజం కాదని సొంత కళ్లతో చూడాలి.

ఇక్కడ టీ అండ్ వీకి కూడా న్యాయం చేయాలి. ప్రతిదీ ప్రయోగం చేసి కనుక్కోమనడం రైతుకు మేలు కాదు. కొత్త తెగులు వచ్చినప్పుడు, భూసార పరీక్ష ఫలితం చదవాల్సి వచ్చినప్పుడు, కొత్త వంగడం గుణగణాలు తెలుసుకోవాల్సినప్పుడు తెలిసినవాళ్లు చెప్పాలి. ఎదురు ప్రశ్నల పద్ధతిని మొండిగా పట్టుకుంటే అది రైతు సమయానికి చేసే అన్యాయం. విషయ నిపుణుణ్ని క్రమం తప్పకుండా క్షేత్ర ఉద్యోగి ముందు కూర్చోబెట్టిన ఘనత బెనోర్ పద్ధతిదే.

కాలం

ఈ రెండు పద్ధతుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కాలం. రెండూ ఒకే రోజు ముగిసే శిక్షణను తిరస్కరించాయి. టీ అండ్ వీ పక్షానికోసారి వస్తుంది, పొలంబడి వారానికోసారి కూర్చుంటుంది. కొద్దికొద్దిగా, ఎడం ఇచ్చి, పని మధ్యలో నేర్చుకున్నది నిలుస్తుందన్న సూత్రం రెండింటిలోనూ ఉంది. ఈ విషయంలో మన ఆఫీసు శిక్షణల కన్నా రెండూ ఎంతో ముందున్నాయి.

తేడా ఏమిటంటే, టీ అండ్ వీ సమయపట్టిక శాఖ క్యాలెండర్‌ను అనుసరించింది. పొలంబడి సమయపట్టిక పైరు ఎదుగుదలను అనుసరించింది. పిలక దశలో పిలకల పాఠం, పొట్ట దశలో పొట్ట పాఠం. అవసరం ఎదురైన వారంలోనే జ్ఞానం అందడం పెద్దల చదువుకు ప్రాణం. పురుగుమందుల దుకాణదారు మన పల్లెల్లో ఇంత పెద్ద ‘శిక్షకుడు’గా మారడానికి కారణం ఇదే. రైతు కంగారుపడి పరుగెత్తిన క్షణంలో అతను అందుబాటులో ఉంటాడు, మందు అరువిస్తాడు, సలహా ఉచితంగా చెబుతాడు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడూ, 1997–98లో వరంగల్ పత్తి రైతుల బతుకులు కూలినప్పుడూ మందు మీద మందు, అప్పు మీద అప్పు పెరిగాయి. నిర్ణయం తీసుకునే క్షణంలో రైతు పక్కన ఎవరున్నారన్నది జీవన్మరణ సమస్య అవుతుందని ఆ చరిత్ర నేర్పింది.

పరీక్ష పెట్టిన తీరు

ఒక శిక్షణ దేన్ని విలువైనదిగా భావిస్తుందో అది పెట్టే పరీక్షను చూస్తే తెలుస్తుంది. టీ అండ్ వీ లెక్కించింది ఎక్కువగా సందర్శనలను. ఫలానా రోజున ఫలానా ఊరికి వెళ్లాడా, ఎంతమందిని కలిశాడు, ఏ సందేశం చెప్పాడు అన్నవే పై అధికారి తనిఖీలు. ఉద్యోగి పనిని కొలవడానికి ఇవి సరిపోతాయి. రైతు ఏం నేర్చుకున్నాడన్నది వీటిలో తేలదు.

పొలంబడి మొదటి వారంలోనూ చివరి వారంలోనూ బ్యాలెట్ పెట్టె పరీక్ష పెడుతుంది. పొలంలో కర్రలు పాతి, వాటి మీద ప్రశ్న, మూడు జవాబులు, వాటి కింద మూడు పెట్టెలు ఉంచుతారు. ప్రతి జవాబు నుంచి ఒక దారం అసలైన ఆకుకో, పురుగుకో, తెగులు మచ్చకో కడతారు. ‘వీటిలో మీ పైరుకు మేలు చేసేది ఏది?’ అన్న ప్రశ్నకు రైతు వెళ్లి, చూసి, తన చీటీని ఒక పెట్టెలో వేస్తాడు. పురుగు శాస్త్రీయ నామం ఎవరూ అడగరు. పొలంలో కనబడితే గుర్తుపట్టగలరా, గుర్తుపట్టి ఏం చేస్తారు అన్నదే పరీక్ష. నర్సులకైనా, ఉపాధ్యాయులకైనా, బ్యాంకు సిబ్బందికైనా పరీక్ష ఇలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

సాక్ష్యం ఏం చెబుతోంది

ఇంతవరకు చదివినవాళ్లకు పొలంబడి అన్ని విధాలా గెలిచినట్టు అనిపించవచ్చు. సాక్ష్యం అంత సులువుగా తీర్పు చెప్పదు.

టీ అండ్ వీని 1975 నుంచి 1998 వరకు ప్రపంచ బ్యాంకు 50కి పైగా దేశాల్లో ప్రోత్సహించింది. కెన్యాలో దాని వల్ల గొప్ప లాభం వచ్చిందని మొదట కొన్ని అధ్యయనాలు ప్రకటించాయి. తర్వాత బ్యాంకు సొంత మూల్యాంకన విభాగం 2000లో వెలువరించిన సమీక్ష ఆ లాభాన్ని ధ్రువీకరించలేకపోయింది. జీతాల భారం ఏటేటా పెరిగింది. ప్రాజెక్టు నిధులు ఆగిన చోట యంత్రాంగాన్ని నడపడం రాష్ట్రాలకు, దేశాలకు తలకు మించిన పనయింది. పక్షానికో కొత్త సందేశం పుట్టించేంత పరిశోధన లేక పాత మాటలే తిరిగి వినిపించాయి.

పొలంబడికీ పెద్ద దెబ్బే తగిలింది. గెర్షాన్ ఫెడర్, రింకూ ముర్గాయ్, జైమ్ క్విజోన్ ఇండోనేషియా రైతు కుటుంబాల 1991, 1999 వివరాలను పోల్చి 2004లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. పొలంబడిలో చదివినవాళ్ల దిగుబడిలోనూ, మందుల వాడకంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని, వాళ్ల నుంచి ఇరుగుపొరుగుకు జ్ఞానం పాకలేదని తేల్చారు. ఆ పోలిక పద్ధతి మీద అభ్యంతరాలూ వచ్చాయి. 2014లో హ్యూ వాడింగ్టన్ బృందం అనేక దేశాల అధ్యయనాలను జల్లెడ పట్టి మధ్యస్థమైన నిర్ణయానికి వచ్చింది. చిన్నగా, శ్రద్ధగా నడిచిన పొలంబడుల్లో పాల్గొన్న రైతులకు దిగుబడి పెరిగింది, మందుల వాడకం తగ్గింది. పక్క పొలాల రైతులకు మాత్రం ఆ మేలు చేరలేదు. జాతీయ స్థాయికి పెంచినప్పుడు ఫలితం పలచబడింది.

ఈ రెండు వైఫల్యాలను కలిపి చదవాలి. టీ అండ్ వీ సందేశం ప్రయాణించింది కానీ లోతుగా నాటుకోలేదు. పొలంబడి చదువు లోతుగా నాటుకుంది కానీ ప్రయాణించలేదు. వారాల తరబడి మడిలో దిగి సంపాదించిన చూపును గట్టు మీద రెండు మాటల్లో పొరుగువాడికి అప్పగించడం ఎవరి తరమూ కాదు. సంప్రదింపు రైతు ద్వారా ఊరంతా నేర్చుకుంటుందన్న టీ అండ్ వీ ఆశా, బడిలో చదివిన రైతు ద్వారా పొరుగు నేర్చుకుంటుందన్న పొలంబడి ఆశా ఒకే చోట విఫలమయ్యాయి. అయితే పాల్గొన్న మనిషిని మార్చడంలో పొలంబడి ముందుంది. ఎవరికి నేర్పామో వాళ్లయినా నేర్చుకోవడం ఏ శిక్షణకైనా మొదటి షరతు. ఆ షరతును తీర్చిన పద్ధతికే నేను ఎక్కువ విలువిస్తాను.

రెండింటినీ కలిపిన దారి

వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990లలో జరిగిన పని ఈ చిక్కుకు ఒక విరుగుడు చూపింది. కీటక శాస్త్రవేత్త కె.ఎల్. హియాంగ్, ప్రచార నిపుణురాలు మోనినా ఎస్కలాడా రైతుల ముందు ఒక చిన్న సవాలు ఉంచారు. పొలంలో ఒక ముక్కను పక్కన పెట్టి, విత్తిన తర్వాత తొలి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టకుండా చూడండి, కోతకు మిగతా పొలంతో పోల్చుకోండి అన్నారు. రేడియో నాటికల్లో, కరపత్రాల్లో, గోడల మీద ఇదే మాట. మొదట ప్రచారం చేసిన లాంగ్ ఆన్ రాష్ట్రంలో రైతులు మందు కొట్టే సార్లు దాదాపు సగానికి తగ్గాయి.

ఇందులో టీ అండ్ వీ తాలూకు పొట్టి సందేశం ఉంది, అందరికీ చేరే శక్తి ఉంది. పొలంబడి తాలూకు ఆత్మ కూడా ఉంది, ఎందుకంటే ఆ సందేశం నమ్మమని అడగలేదు, పరీక్షించమని అడిగింది. తీర్పు రైతు పొలంలోనే, రైతు చేతుల్లోనే ఉండిపోయింది. దూరం ప్రయాణించాల్సిన పాఠాన్ని ప్రయోగం రూపంలో పంపాలని నేను దీన్నుంచి గ్రహించాను.

మన దగ్గర కూడా ఇటువంటి కలయిక జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల సాయంతో పత్తిలో పొలంబడులు నడిచాయి. 2003లో మూడు గ్రామాల్లో 50 మంది మహిళా రైతులు తామో తమ ఇంటివాళ్లో పొలంలో మందు కొట్టినప్పుడల్లా తలనొప్పి, వాంతులు, వణుకు వంటి లక్షణాలను తామే నమోదు చేశారు. మందు కలిపి పంపుల్లో పోసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. వాళ్లు నమోదు చేసిన 323 సందర్భాల్లో 83.6 శాతం ఏదో ఒక స్థాయి విష లక్షణాలతో ముడిపడ్డాయి. ఒక్కరూ ఆసుపత్రికి వెళ్లలేదు. ‘మందు ప్రమాదకరం’ అన్న వాక్యం డబ్బా మీద ఎన్నాళ్లుగానో ఉంది. దాన్ని పాఠంగా మార్చింది ఆ ఆడవాళ్లు తమ ఒంటి మీద చదువుకున్న లెక్క.

ఆ తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా, పురుగుమందులు లేని సాగును ఆచరిస్తున్న రైతులనే శిక్షకులుగా ఊళ్లకు పంపింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల లాంటి గ్రామాలు అప్పటికే పురుగుమందులను వదిలి దారి చూపాయి. శిక్షకులుగా వెళ్లిన ఆ రైతులు ఇంటింటికీ, పొలం పొలానికీ క్రమం తప్పకుండా తిరగడంలో టీ అండ్ వీ క్రమశిక్షణ కనిపిస్తుంది. వాళ్లు తామే చేసి చూసినవాళ్లు కావడంలో పొలంబడి విలువ కనిపిస్తుంది.

నా తీర్పు ఇది. బోధనా పద్ధతిగా పొలంబడి శ్రేష్ఠం. పాలనా పద్ధతిగా టీ అండ్ వీ శ్రేష్ఠం. మన శాఖలు చేస్తున్న పొరపాటు వాటిని తిరగేసి వాడటం. ఈ రోజు చాలా చోట్ల పొలంబడి పేరుతో జరుగుతున్నది గట్టు మీద అధికారి ఉపన్యాసం, రైతుల సంతకాలు, సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో. టీ అండ్ వీలోని బలహీనమైన బోధన పొలంబడి బోర్డు కింద నడుస్తోంది; టీ అండ్ వీలోని బలమైన క్రమం మాత్రం దానికి అబ్బలేదు. ఉపాధ్యాయుల, ఆరోగ్య సిబ్బంది, ఉద్యోగుల శిక్షణల్లో కూడా ఇదే జరుగుతోంది. రాష్ట్ర స్థాయిలో ఒకరికి చెప్పి, వాళ్లు జిల్లాకు, జిల్లా మండలానికి చెప్పే వరుసలో పాఠం పలచబడుతూనే ఉంది.

శిక్షణలు రూపొందించే అధికారులను, సంస్థలను కోరేది ఒక్కటే. వచ్చే కార్యక్రమానికి ఎంతమంది హాజరయ్యారన్న లెక్కను రెండో పుటకు నెట్టండి. మొదటి పుటలో మూడు ప్రశ్నలు రాసుకోండి: నేర్చుకునేవాళ్లు ఈ శిక్షణలో తమ చేతులతో ఏ ప్రయోగం చేస్తారు? ఏ నిర్ణయాన్ని వాళ్లే తీసుకుంటారు? ఇంతకుముందు చూడని సమస్య ఎదురైతే తట్టుకోగలరో లేదో ఎక్కడ, ఎలా పరీక్షిస్తాం? ఈ మూడింటికీ జవాబు లేని శిక్షణకు ప్రజాధనం ఖర్చు చేయకండి.